నింపి ఇచ్చిన డబ్బా

సాయమ్మ వస్తోందంటే చంద్రపూర్ దగ్గరి కోర్పనా దిక్కు పత్తి చేలల్లో మగవాళ్లు గబగబా చొక్కాలు తొడుక్కునేవాళ్లు. సిగ్గుతో కాదు, తిట్లకు జడిసి. పురుగుమందు కొట్టేవాడు ఉత్త ఒంటితో ఆమె కంట్లో పడ్డాడంటే వాడి ఏడు తరాలవాళ్లూ దిగివచ్చి ఆ పూట గట్టు మీద నిలబడి వినాల్సిందే.

"ఏమిరా, నీ తోలేమన్న రబ్బరుదా? మందు పురుగు మీద పడాల్నా, నీ ఈపు మీద పడాల్నా? ఇంటికాడ పెండ్లాం పిల్లలున్నరా, లేకుంటే ఎవలకన్న రాసిచ్చి వచ్చినవా?"

తిట్టడం అయ్యాక అక్కడే కూర్చుని వాడి మందు డబ్బా చేతిలోకి తీసుకునేది. డబ్బా మీది అక్షరాలు ఆమెకు చీమల బారు. నాలుగో తరగతి దాకా చదివింది మరాఠీలో, మాట్లాడేది తెలుగు, ఆ సన్న రాతలు చూస్తే రెండూ ఒక్కటే ఆమెకు. అందుకని రంగు గుర్తు మీద వేలు పెట్టి చెప్పేది.

"గిదో, గీ మూలకు చూడు. ఎర్రగుంటే యముడు నీ గడపల కూసున్నట్టు. పసుపుంటే వాకిట్లకు వచ్చినట్టు. నీలముంటే ఊరి పొలిమేర కాడ ఉన్నట్టు. ఆకుపచ్చగుంటే ఆయన ఇంకా ఇంట్ల పండుకున్నట్టు. లేపకుండ్రి, గంతే."

జనం నవ్వేవాళ్లు. నవ్వినా గుర్తు పెట్టుకునేవాళ్లు. రంగుల సంగతి అయ్యాక ఆమె అసలు మాటకు వచ్చేది. ఒంటికి మందు తగిలితే బట్టలు విప్పి సబ్బుతో కడగాలి. నోట్లోకి పోతే ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, మనిషితోపాటు డబ్బా కూడా దవాఖానకు పోవాలి. "మనిషిని మరిచినా సరే, డబ్బా మరువద్దు" అనేది నవ్వకుండా. అలా ఆమెకు డబ్బా సాయమ్మ అని పేరు పడింది. మరాఠీవాళ్లు మర్యాదగా డబ్బా బాయి అనేవాళ్లు.

ఈ పిచ్చి ఆమెకు ఊరికే పట్టలేదు. గులాబీ పురుగు పత్తిని ఊడ్చుకుపోయిన ఏడు, ఆమె పెనిమిటి సారయ్య ఎదురుగాలిలో పొద్దంతా మందు కొట్టి చేలోనే కూలబడ్డాడు. నోటివెంట చొంగ, ఒళ్లంతా చెమట, కంటిపాపలు ఆవగింజలంత అయిపోయాయి. వడదెబ్బ అని ఒకరు, గాలి సోకిందని ఒకరు, ఉప్పునీళ్లు పొయ్యమని ఇంకొకరు. సారయ్య తమ్ముడు పోశం ఎవరి మాటా వినలేదు. అన్నను మోటార్ సైకిల్ మీద నడుమ కూర్చోబెట్టి, వెనక వదినను ఎక్కించుకుని, చంద్రపూర్ దాకా గుంతల రోడ్డు మీద ఎగిరెగిరి నడిపాడు. బయలుదేరే ముందు సాయమ్మ ఆ మందు డబ్బాను కొంగులో కట్టుకుంది. ఎందుకని అడిగితే, "నాకు సదువ రాదు గని మొయ్య వస్తది. సదివెటోళ్లు ఆడ ఉంటరు" అంది.

దవాఖానలో డాక్టర్ అడిగిన మొదటి మాట, "డబా ఆణ్లా కా?" డబ్బా తెచ్చారా అని. సాయమ్మ కొంగు ముడి విప్పింది. డాక్టర్ చదివాడు, సరైన సూది వేశాడు, సారయ్య బతికాడు. ఈ డబ్బా లేకుంటే చాలాసేపు తడుముకునేవాళ్లమని ఆ డాక్టరే అన్నాడు. ఆ మాట సాయమ్మ మనసులో శిలాక్షరమై కూర్చుంది.

ఆ తర్వాత కొన్నాళ్లకు సుభాషిణి అని ఒకామె ఊరికి వచ్చింది. భద్రావతి క్వార్టర్లలో పెరిగిన తెలుగు పిల్ల, మాటలో సగం మరాఠీ. విషప్రమాదాల గురించి ఊరూరా చెప్పే పని ఆమెది. దేశంలో ఎక్కడ ఎవరికి ఏ విషం తగిలినా ఒకచోట లెక్కకు రావాలట. ఏ మందు ఎక్కువమందిని పడగొడుతోందో తెలిస్తేనే కదా దాన్ని ఆపేది. ఫోన్ చేస్తే ఏ విషానికి ఏం చేయాలో డాక్టర్లకు చెప్పే కేంద్రం కూడా ఉందట. సుభాషిణి ఇదంతా బొమ్మల పటాలు పెట్టి ఓపికగా చెబుతుంటే జనం ఆవులించారు. వెనక కూర్చున్న సాయమ్మ లేచి, "గామె చెప్పేది గిదిరా మొద్దుల్లారా" అని తన మాటల్లో చెప్పింది. ఆవులింతలు ఆగిపోయాయి. ఆ పూట నుంచి సుభాషిణి ఎక్కడికి పోయినా సాయమ్మను వెంటబెట్టుకుపోయింది. రాజురా వారపు అంగడికి, సాస్తి బొగ్గుగనుల కాలనీకి, వరోరా పత్తి మార్కెట్టుకు.

ఆమె మాట ఎంత గట్టిగా పాకిందంటే, ఊళ్లో వెంకటమ్మ అనే ముసలామె వాకిట్లో కాలు జారి చెయ్యి విరగ్గొట్టుకున్నప్పుడు ఇంటివాళ్లు ఆమెతోపాటు నూనె డబ్బా కూడా దవాఖానకు మోసుకుపోయారు. ఇదెందుకని డాక్టర్ అడిగితే, "జారింది గీ నూనెకే గద సారూ" అన్నారు. ఈ సంగతి చెప్పి సాయమ్మను ఎక్కువగా ఏడిపించేది మరిది పోశమే. ఊళ్లో ఆమె నోటికి భయపడనివాడు అతనొక్కడే. పొద్దున్నే చేనుకు పోతూ ఆమె వాకిలి ముందు ఆగి, "డబ్బా వదినా, బువ్వ తింటానికి పోతున్న. గిన్నె ఎంట తీస్కపోవాల్నా?" అని కేకేసేవాడు.

"నీ నోట్ల మన్ను వడ. పోరా" అనేది ఆమె నవ్వాపుకుంటూ. పిల్లలు లేని ఇల్లది. సారయ్య మాటల పొదుపరి. పోశం కేక వినకపోతే ఆమెకు తెల్లవారినట్టే ఉండేది కాదు. పైగా తన పుస్తెలు మెడలో ఉన్నాయంటే ఆ గుంతల రోడ్డు మీద అతను నడిపిన బండి వల్లనే అని ఆమెకు తెలుసు. అందరికీ చెప్పేది కూడా.

అన్నదమ్ములు వేరుపడి రెండిళ్లయినా పొయ్యిలు మాత్రమే రెండు. పోశం భార్య జ్యోతి కూర వండితే గిన్నె ఇటు వచ్చేది, సాయమ్మ పులుసు పెడితే అటు పోయేది. ఆ ఊళ్లో ఒక మర్యాద ఉంది. ఎవరింటి గిన్నెనూ ఖాళీగా తిరిగి పంపరు. కూర వచ్చిన గిన్నెలో పిడికెడు జొన్నలో, బెల్లం ముక్కో, ఏమీ లేకపోతే రెండు ఉల్లిగడ్డలో వేసి పంపాలి. ఖాళీ గిన్నె చేతిలో పెట్టారంటే ఇక మీ పొత్తు మాకొద్దని మొహం మీద చెప్పినట్టే. గిన్నె పంపడంలో తాను లోటు చేశానని పెళ్లయిన కొత్తలో ఒకామె రెండేళ్లు తనతో మాట్లాడలేదని సాయమ్మే చెప్పేది. అప్పటినుంచి ఆమె ఇంటినుంచి తిరిగిపోయే గిన్నె అంచు దాకా నిండి పోయేది. ఆ పేరు కూడా ఆమెకు ఉంది.

ఆ వానాకాలం ఒకనాటి పొద్దున జ్యోతి కేక విని సాయమ్మ చేతిలో చీపురు చేతిలోనే పట్టుకుని ఉరికింది. పోశం ఇంటి వెనక గడ్డిమందు పెద్ద డబ్బా, దాని పక్కన సీసా, అందులోకి సన్న పైపు. పక్కింటి ఇస్తారి ఒక సీసా మందు బదులడిగితే పోశం ఇస్తున్నాడు. ఇంజన్లోకి డీజిల్ తీసినట్టే పైపు కొస నోట్లో పెట్టుకుని గుంజాడు. డబ్బా మూతి దాకా నిండుగా ఉంది, అనుకున్నంత గుంజక ముందే మందు నోట్లోకి దూకింది. సగం ఉమ్మాడు, ఒక గుక్క గొంతు దిగింది. అందరూ కంగారు పడుతుంటే అతను మాత్రం నోరు కడుక్కుంటూ నవ్వుతున్నాడు.

"ఏం కాలే వదినా. గని కంపు ఘోరంగున్నది."

"మందు కంపు గొట్టక అత్తరు వాసనొస్తదా? నోరు మూసుకొని అంగీ ఇప్పు" అంది సాయమ్మ.

ఇంక ఆమెకు ఒకరు చెప్పేదేముంది. నోరు పుక్కిలింపజేసింది. మీద పడ్డచోట సబ్బుతో కడిగింది. ఇస్తారి తల్లి ఉప్పునీళ్ల చెంబుతో వస్తే ఆ చెంబు లాక్కుని వాకిట్లో పారబోసింది. డబ్బా మూత బిగించి దాని మూల చూసింది. ఆకుపచ్చ. అమ్మయ్య అనుకుంది. యముడు ఇంట్లో పడుకునే ఉన్నాడు. అయినా వదల్లేదు, డబ్బాను ఒళ్లో పెట్టుకుని ఆటోలో కూర్చుంది. వార్ధా నది వంతెన దాటుతుండగా పోశం ఆమెను చూసి, "ఇయ్యాల నీ పెండ్లి కళ వచ్చింది వదినా. ఒడిబియ్యం తీర్గ డబ్బా ఒళ్లె ఉన్నది" అన్నాడు. జ్యోతి కూడా నవ్వింది.

చంద్రపూర్‌లో వాళ్లు పోయిన దవాఖాన డాక్టర్‌కు సాయమ్మ మొహం తెలుసు. సుభాషిణి పెట్టిన ఒక సభలో ఆమె మాట విన్నవాడే. డబ్బా చూడగానే, "అందరూ ఇలా తెస్తే మా పని సగం తగ్గుతుంది" అన్నాడు మరాఠీలో. డబ్బా మీది పేరు చదివి విష సమాచార కేంద్రానికి ఫోన్ చేశాడు. వాళ్లు ఆ పేరుకు ఏం చేయాలో సరిగ్గానే చెప్పారు. ఒక్క గుక్కే కాబట్టి పెద్ద ముప్పు ఉండకపోవచ్చు, కడుపులో మంట తగ్గేదాకా కనిపెట్టి ఉండండి అన్నారు. సాయమ్మ సుభాషిణికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది. "అన్నీ సరిగ్గా చేశారు సాయమ్మా. మీ సొంతింట్లోనే పని చేసింది చూడండి మీ మాట" అందామె. సాయమ్మ ఛాతీ పొంగింది. ఎందుకు పొంగదు, ఊరంతా తిరిగి చెప్పిన మాట ఇవాళ ఇంటి మనిషిని కాచింది.

మర్నాడు పొద్దునకు పోశం నాలుక మీద పొర ఊడింది.

గొంతులో నిప్పులు పోసినట్టుందన్నాడు. నీళ్లు దిగడం లేదు. మధ్యాహ్నానికి ఊపిరి ఎగబోస్తుంటే నర్సు మొహానికి ఆక్సిజన్ పెట్టింది. డాక్టర్ వచ్చి నోరు తెరిపించి చూశాడు, రక్తపరీక్ష కాగితాలు చూశాడు, మళ్లీ నోరు చూశాడు. ఆయన మొహం మారిపోయింది. సాయమ్మను, జ్యోతిని బయటికి పిలిచాడు.

"ఈ మందుకు ఇలా కాకూడదు. నాకు నిజం చెప్పండి. ఇంకేమైనా తాగాడా? ఇంట్లో గొడవేమైనా జరిగిందా?"

జ్యోతి తల అడ్డంగా ఊపింది. సాయమ్మకు మాత్రం ఒళ్లు మండింది. ఎంత మాట అన్నాడు ఈయన?

"మా మరిది అసుంటోడు గాదు సారూ. నా కండ్ల ముంగట జరిగింది. గీ డబ్బాలదే తాగిండు, గీ డబ్బానే నా చేతులతోని తెచ్చిన. పోయి మంచిగ సదువుండ్రి" అంది, వచ్చిన మరాఠీకి తెలుగు కోపం కలిపి.

డబ్బా బాయి మాటను డాక్టర్ కూడా నమ్మాడు. తల పట్టుకుని లోపలికి పోయాడు.

ఇద్దరూ వరండాలో బల్ల మీద కూర్చున్నారు. సాయమ్మ ఇంకా గొణుగుతూనే ఉంది. గొడవలట, తాగడమట, చదువుకున్నోళ్లకు అనుమానాలు ఎక్కువ అని. జ్యోతి కొంగుతో కళ్లు తుడుచుకుని యారాలి చెయ్యి పట్టుకుంది. ఆమెను ఊరడించాలనే అంది ఆ మాట.

"నువ్వు బాధ వడకక్కా. ఆయనకు నీ మీద శాన ప్రేమ. మొన్న డబ్బా మూత తీసి సూసి, మా వదిన సగం డబ్బా తీస్కపోయి నిండ డబ్బా ఇచ్చింది, గసుంటి మనిషి ఊళ్లె ఉన్నదా అన్నడు. నిండ ఉన్నది గదా, ఇస్తారన్న అడిగితె, ఒక సీసా ఇస్తె ఏం తక్కువైతదని ఒప్పుకున్నడు."

సాయమ్మ గొణుగుడు ఆగిపోయింది.

"ఏమన్నవ్?" అంది.

"నువ్వు నింపి ఇచ్చిన డబ్బానే గదక్కా."

సాయమ్మ కళ్ల ముందు తన ఇంటి వెనక వసారా కనబడింది. తొలి వానలకు గట్టు మీద గడ్డి లేస్తే పోశం దగ్గర ఈ డబ్బానే అడిగి తెచ్చుకుంది. సగం ఉంది, అంతా కొట్టేసింది. ఖాళీ డబ్బా ఎట్లా తిరిగిస్తారు? అంగడిలో కొత్త డబ్బా కొంది. అదే మందు లేదు, ఇది ఇంకా జల్ది మాడుస్తుందని దుకాణంవాడు వేరేది ఇచ్చాడు. గడ్డిమందు గడ్డిమందే కదా. వసారాలో కూర్చుని, ముక్కుకు కొంగు చుట్టుకుని, ఒక్క చుక్క కింద పడకుండా పోశం డబ్బాలోకి మూతి దాకా పోసింది. ఆ కొత్త డబ్బా మూలకు పసుపు గుర్తు ఉంది. చూసింది కూడా. చూసి, అది ఖాళీ అయ్యాక, ఎవరూ నీళ్లకు వాడకుండా అందరికీ చెప్పినట్టే దానికి పొక్కలు పొడిచి చేను గట్టు కింద పాతిపెట్టింది. నిన్న పోశం డబ్బా మూల చూసినప్పుడు ఆ పసుపు ఆమెకు గుర్తుకే రాలేదు. తాను చెప్పే ప్రతి మాటా తాను పాటించింది. ఒకరి డబ్బాలో ఇంకొకటి పోయవద్దని మాత్రం ఆమె ఎన్నడూ చెప్పలేదు. పోయడం తప్పని ఆ ఊళ్లో ఎవరికి తోస్తుంది, నింపి ఇవ్వడం మర్యాద అయినచోట?

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన కూడా వచ్చింది ఆమెకు, రాలేదంటే అబద్ధం. వచ్చినంత తొందరగానే లోపలినుంచి పోశం దగ్గు వినిపించింది. సాయమ్మ లేచి డాక్టర్ గదిలోకి ఉరికింది, వెనకే ఏమీ అర్థం కాని జ్యోతి.

"సారూ, డబ్బా మీద రాసింది అబద్ధం. అండ్ల ఉన్నది అది గాదు. నేనే పోసిన."

డాక్టర్ ఒక్క క్షణం ఆమె మొహంలోకే చూశాడు. తర్వాత డబ్బా మూత తీసి, తెల్లటి దూది మీద నాలుగు చుక్కలు ఒంపాడు. దూది నీలపచ్చగా మారింది. డబ్బా మీద రాసిన మందు రంగు అది కాదు. ఏ మందు పోశారు, పేరు చెప్పండి అని మూడుసార్లు అడిగాడు. పేరు ఆమెకేం తెలుసు. ఆమెకు తెలిసింది రంగే.

ఊళ్లో ఉన్న సారయ్యకు ఫోన్ చేసింది. అతను గడ్డపార తీసుకుని చేనుకు ఉరికాడు. గట్టు కింద తన భార్య పాతిన డబ్బాను తవ్వి తీసి, మట్టి తుడిచి, ఇస్తారి ఫోన్‌తో ఫోటో పంపించాడు. పసుపు మూల, దాని మీద సాయమ్మ పొడిచిన పొక్కలు. డాక్టర్ పేరు చదివాడు. మళ్లీ అదే కేంద్రానికి ఫోన్ చేశాడు. ఫోన్ పెట్టేసి ముందుగా చేసిన పని, వార్డులోకి పోయి పోశం ఆక్సిజన్ తగ్గించేయడం.

జ్యోతి బిత్తరపోయింది. "ఊపిరాడనోనికి గాలి తీసేస్తున్నరేంది?"

"ఈ మందు తాగినవాళ్లకు మరీ తప్పనిసరి అయితే తప్ప ఆక్సిజన్ పెట్టకూడదమ్మా. ఊపిరితిత్తులు ఇంకా తొందరగా పాడవుతాయి" అన్నాడు డాక్టర్. కాస్త ఆగి, "నిన్ననే తెలిసి ఉంటే కడుపులోనే దాన్ని పట్టి ఆపడానికి ప్రయత్నించేవాళ్లం. ఇప్పుడు రక్తంలో కలిసింది. దీనికి విరుగుడు లేదు. నాగపూర్ పంపిస్తాను" అన్నాడు.

ఆయన సాయమ్మను ఒక్క మాటా అనలేదు. తిడితే బాగుండేది. ఇన్నేళ్లు ఊరందరినీ తిట్టిన మనిషి, ఆ పూట తనను ఎవరైనా తిట్టాలని గోడకు ఆనుకుని నిలబడింది. జ్యోతి ఆమెవైపు చూసింది. కోపంతో కాదు. ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది. సాయమ్మకు తల తీసి నేల మీద పెట్టినట్టయింది.

అంబులెన్స్ వచ్చింది. పోశాన్ని ఎక్కిస్తుంటే అతను తల తిప్పి వదిన కోసం వెతికాడు. జరిగింది అతనికి ఎవరూ చెప్పలేదు. పుండ్లుపడ్డ నోటితో మాట కూడబలుక్కున్నాడు.

"డబ్బా మరిచినవ్, వదినా."

నవ్వించాలని చూశాడు. డబ్బా సాయమ్మ చేతిలోనే ఉంది. బండి తలుపులు మూసుకున్నాయి.

పోశం నాగపూర్‌లోనే పోయాడు. చివరిదాకా తెలివి ఉంది, ఊపిరే లేదు. ఆ సంగతి జ్యోతి ఎవరికీ వివరంగా చెప్పలేదు, అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఊరు ఊరే. ముందు ఏడ్చింది, తర్వాత గుసగుసలాడింది. కంచే చేను మేసిందని కొందరన్నారు. ఆమె తెలియక చేసింది, మనలో ఎవరు చేయలేదు అని కొందరన్నారు. ఆ రెండో మాట అన్నవాళ్లు ఇళ్లకు పోయి తమ దొడ్లలోని డబ్బాలను చూసుకుని గతుక్కుమన్నారు. ఏ డబ్బాలో ఏముందో ఒక్క ఇంటివాడూ గట్టిగా చెప్పలేకపోయాడు. బదులు తెచ్చి పోసినవి, బదులు తీర్చి పోసినవి, సగం సగం కలిపినవి. ఊరి మర్యాదంతా ఆ డబ్బాల్లో కలిసిపోయి ఉంది.

సుభాషిణి వచ్చి సాయమ్మ పక్కన కూర్చుంది. "మీరు ఆ మాట బయటపెట్టకపోతే పోశం ఆ ఆకుపచ్చ మందు వల్ల పోయినట్టు దేశం లెక్కలోకి ఎక్కేవాడు. అసలు చంపింది పేరు లేకుండా తప్పించుకునేది" అంది.

"లెక్క మంచిగ ఎక్కితే మనిషి వస్తడా మేడం?" అంది సాయమ్మ.

"రాడు."

"రాజురా అంగడిల సభ ఎప్పుడు?"

"మీరు రానవసరం లేదు సాయమ్మా."

"ఎప్పుడని అడిగిన."

సారయ్యకు ఇది నచ్చలేదు. ఎప్పుడూ మాట్లాడనివాడు ఆ మాపు అన్నం ముందు కూర్చుని మాట్లాడాడు. "తమ్ముడు ఎట్లనూ రాడు. నలుగుట్ల నిలబడి నేనే పోసిన అని చెప్పుకుంటే నీ మొఖాన ఉమ్ముతరు. ఎందుకే?"

"ఉమ్మనీ. ఉమ్మినోడన్న ఇంటికి పోయి డబ్బా సూసుకుంటడు" అంది ఆమె. సారయ్య చెయ్యి కడిగేసుకున్నాడు.

చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. దగ్గరివాళ్లు వండి పంపాలి. సాయమ్మ రోజూ వండింది. వండి, గిన్నె మోసుకుపోయి, ఎదుటపడే ధైర్యం లేక జ్యోతి గడప మీద పెట్టి వచ్చేది. లోపల తిన్నారో, పారబోశారో ఆమెకు తెలియదు. గిన్నెలు మాత్రం ఒక్కటీ తిరిగి రాలేదు. దినాలు అయిపోయాయి, చుట్టాలు వెళ్లిపోయారు, జ్యోతి ఇంటి పొయ్యి మళ్లీ వెలిగింది, అప్పుడూ రాలేదు.

అంగడి సభకు ముందునాడు, పొద్దెక్కాక, సాయమ్మ వాకిట్లో పత్తి కట్టె విరుస్తుంటే నీడ పడింది. తలెత్తితే జ్యోతి. చేతుల్లో గిన్నెలు, ఒకదాంట్లో ఒకటి పెట్టి, తోమి మెరిపించి తెచ్చింది. సాయమ్మ గబుక్కున లేచింది. కూర్చోమనడానికి పీట జరిపింది గాని జ్యోతి కూర్చోలేదు. గిన్నెలు ఆమె చేతుల్లో పెట్టింది.

బరువు లేవు. సాయమ్మకు పట్టుకోగానే తెలిసిపోయింది. పెళ్లయి ఆ ఊరికి వచ్చాక ఆమె చేతికి ఖాళీ గిన్నె తిరిగి రావడం అదే మొదలు. మంచిదే అనుకుంది. ఇంతకన్నా తక్కువ శిక్ష ఉంటుందా. తల వంచుకుంది.

"మా ఇంట్ల ఎయ్యనీకి ఏం లేక గాదక్కా" అంది జ్యోతి. గొంతు గరుకుగా ఉంది. "జొన్నలున్నయి. బెల్లమున్నది. పిడికిట్ల పట్టుకున్న, మల్ల సంచిల పోసిన."

సాయమ్మ గిన్నెలను గుండెకు ఆనించుకుంది.

"రేపు అంగడిల చెప్తవట గదా. ఆయన పేరు చెప్పు. పోశం అని చెప్పు, మా మరిది అని చెప్పు. ఎట్ల పోయిండో అంత చెప్పు. చెప్పి, ఖాళీగ ఇచ్చుడు తప్పు గాదని గూడ చెప్పు. నేను గిట్ల తెచ్చి ఇచ్చిన అని చెప్పు."

వెనక్కి తిరిగి రెండడుగులు వేసింది. ఆగింది.

"నీ మీద నాకు కోపం లేదని మాత్రం చెప్పకు. గది ఇంకా నాకే ఎర్కలేదు."

ఆమె వెళ్లిపోయింది. సాయమ్మ వాకిట్లో నిలబడే ఉంది. పోశం రోజూ ఆగి కేకేసే చోటు అదే. ఎన్నేళ్ల అలవాటో, ఆమె చెయ్యి తనకు తానే గిన్నెలోకి పోయి లోపల తడిమింది. వేళ్లకు అడుగు తగిలింది.